మక్కజొన్న సంచి ఏ మట్టిలో కలుస్తుంది?

‘నేను ప్లాస్టిక్‌ను కాను’ అని ఒంటి మీద రాసుకున్న సంచులు ఇప్పుడు మిఠాయి దుకాణాల్లో, బట్టల షోరూముల్లో, మందుల షాపుల్లో చేతికొస్తున్నాయి. లేతాకుపచ్చ రంగు, మూలన ఆకు బొమ్మ, కింద ‘మక్కజొన్న పిండితో తయారైనది’ అనే మాట. పట్టుకుంటే పల్చటి మామూలు కవర్ లాగా గరగరలాడదు. మెత్తగా, మసకగా, వేళ్లకు కొద్దిగా అతుక్కుంటున్నట్టు ఉంటుంది. తీసుకున్నవాళ్ల మనసు కుదుటపడుతుంది. వాడి పారేసినా పర్వాలేదు, మట్టిలో కలిసిపోతుంది కదా!

ఆ నమ్మకంలో సగమే నిజం. ఆ సంచి ఎక్కడ పడింది, అక్కడ ఎంత వేడి ఉంది, ఎంత తడి ఉంది, ఏ సూక్ష్మజీవులు కాపురముంటున్నాయి అన్నదాని మీద మిగతా సగం నడుస్తుంది. సిద్దిపేటలో ఇంటి గడప దాటిన చెత్త వెంట నడిస్తే ఈ సంగతి చాలా ఊళ్లలో కంటే తేటగా తెలుస్తుంది. ఎందుకంటే ఇక్కడ చెత్తకు దారులు వేరువేరుగా వేసి పెట్టారు.

సిద్దిపేట మున్సిపాలిటీలో 43 వార్డులు. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త అని ఇంటి దగ్గరే మూడుగా విడదీసి బండికి ఇవ్వడం ఇక్కడ కొన్నేళ్లుగా అలవాటు చేస్తూ వచ్చారు. బెంగళూరులో చెత్త నిర్వహణ మీద పనిచేసిన డాక్టర్ శాంతి తుమ్మల ఈ పనికి దారి చూపించారు. చెత్త పాఠాలు చెప్పడానికి ప్రత్యేకంగా ‘స్వచ్ఛ బడి’ పెట్టారు. వంటింటి తొక్కలు ఎరువుగా ఎలా మారతాయో అక్కడ కళ్లారా చూడొచ్చు. తడి చెత్త పట్నం పక్కనున్న బుస్సాపూర్‌కు వెళ్తుంది. దాన్నుంచి బయో సీఎన్‌జీ గ్యాసు తీసే ప్లాంటును అక్కడే ఏర్పాటు చేశారు. పొడి చెత్తను ఏరి, రకాలుగా విడదీసి రీసైక్లింగ్‌కు పంపుతారు.

మరి ఆ మక్కజొన్న సంచిని తడి డబ్బాలో వేయాలా, పొడి డబ్బాలో వేయాలా? చెత్త బండి ముందు నిలబడ్డవాళ్లకు క్షణంలో తేలాల్సిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం రసాయన శాస్త్రంలోకి దిగాలి.

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకోవాలి. మొక్క నుంచి పుట్టిన ప్లాస్టిక్ అంతా మట్టిలో కలవదు. మట్టిలో కలిసే ప్లాస్టిక్ అంతా మొక్క నుంచి పుట్టదు. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ అనే కంపెనీ చెరకు నుంచి తీసిన ఇథనాల్‌తో పాలిథిన్ తయారు చేస్తోంది. పుట్టింది చెరకు తోటలోనే అయినా, తయారయ్యాక అది పెట్రోలియం నుంచి వచ్చిన పాలిథిన్‌కు అచ్చంగా కవల. కాలవలో పడితే అంతే మొండిగా ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురు పీబీఏటీ అనే పదార్థం. దాని ముడిసరుకు ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, కానీ తగిన చోట వేస్తే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. పుట్టుక ఒక లెక్క, చావు ఇంకో లెక్క.

పాలిథిన్ ఎందుకు చావదు? అందులో కార్బన్ పరమాణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వేల సంఖ్యలో వరుసగా నిలబడి ఉంటాయి. మధ్యలో ఎక్కడా సందు లేదు. సూక్ష్మజీవి ఏది తినాలన్నా ముందు ఎంజైమ్ వదిలి ఆ పదార్థాన్ని బయటే ముక్కలు చేసుకోవాలి. ముక్క చిన్నదైతేనే కణంలోకి పోతుంది. పాలిథిన్ గొలుసులో ఎంజైమ్‌కు పట్టు దొరికే చోటే లేదు. ఎండకు పెళుసెక్కి చిల్లలు చిల్లలవుతుంది, అంతే. ఆ చిల్లలే మైక్రోప్లాస్టిక్‌గా చెరువులోకీ పశువు కడుపులోకీ చేరతాయి.

మట్టిలో కలిసే ప్లాస్టిక్‌ల సంగతి వేరు. వాటి గొలుసులో అక్కడక్కడా ఎస్టర్ బంధం అనే బలహీనమైన ముడి ఉంటుంది. నీరు తగిలితే అది నెమ్మదిగా వదులవుతుంది. ఎంజైమ్ తోడైతే తొందరగా తెగుతుంది. ఈ ముడి తెంచడం సూక్ష్మజీవులకు కొత్త విద్య కాదు. ఆకు పైన నీరు జారిపోయేలా ఉండే నున్నటి పొర ఉంటుంది కదా, అందులో క్యూటిన్ అనే పదార్థం ఉంది. అది ప్రకృతి నేసిన పాలిస్టర్! చెట్లు ఆకులు తొడగడం మొదలుపెట్టిన కాలం నుంచీ రాలిన ఆకుల మీది ఆ పొరను కొరకడానికి బూజులు, బ్యాక్టీరియాలు క్యూటినేజ్ అనే ఎంజైమ్‌ను సానబెట్టుకుంటూ వచ్చాయి. పెళ్లి భోజనాలయ్యాక దిబ్బ మీద వేసిన మోదుగాకు విస్తరిని వానాకాలంలో కుళ్లబెట్టే సరంజామాలో ఇదీ ఒకటి. అదే పనిముట్టు పీబీఏటీ సంచి మీదా పనిచేస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు ఆకుల కంపోస్టులో దొరికిన అలాంటి ఒక ఎంజైమ్ వివరాలను 2012లో ప్రకటించారు. ఫ్రాన్స్‌లో దాన్ని ఇంకా పదును పెట్టి, నీళ్ల సీసాల ప్లాస్టిక్‌ను 72 డిగ్రీల వేడిలో 10 గంటల్లో 90 శాతం విడగొట్టగలిగినట్టు 2020లో ప్రకటించారు. సీసాల ప్లాస్టిక్ కూడా పాలిస్టరే కాబట్టి అది సాధ్యమైంది. పాలిథిన్ మీద ఈ విద్య పారదు.

ఇక మక్కల దగ్గరికి వద్దాం. సిద్దిపేట చుట్టుపక్కల మక్కజొన్న పాత పంటే. కోళ్ల దాణాకు, పిండి మిల్లులకు పోయే ఆ గింజలో ఇంచుమించు 70 శాతం పిండిపదార్థం. దాన్ని చక్కెరగా మార్చి, పాలను పెరుగు చేసే జాతి బ్యాక్టీరియాకు పెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. పెరుగు పులుపు ఇచ్చేది ఆ ఆమ్లమే. దాని అణువులను గొలుసుగా అల్లితే పీఎల్ఏ, అంటే పాలీలాక్టిక్ ఆమ్లం. గాజులా తళతళలాడే కప్పులు, స్పూన్లు, పెరుగు డబ్బాలు దీంతో చేస్తారు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్లెయిర్ ఊళ్లో నేచర్‌వర్క్స్ కంపెనీ 2002 నుంచి మక్కలతో దీన్ని భారీ ఎత్తున తయారు చేస్తోంది. కిలో పీఎల్ఏకు సుమారు రెండున్నర కిలోల మక్కలు కావాలి. మన దేశంలో బలరాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో చెరకు నుంచి ఏడాదికి 80 వేల టన్నుల పీఎల్ఏ తీసే ఫ్యాక్టరీకి 2025లో పునాది వేసుకుంది.

పీఎల్ఏ కప్పులో వేడి చాయ్ పోస్తే కప్పు మెత్తబడి ఒంగిపోతుంది. 60 డిగ్రీల దగ్గర దాని అణువులకు కదలిక వస్తుంది కనుక. ఈ లోపంలోనే అది విడిపోయే రహస్యమూ ఉంది. అంతకంటే చల్లగా ఉన్నంతకాలం గొలుసులు బిగుసుకుని కూర్చుంటాయి, నీళ్లను లోపలికి రానివ్వవు. ఆ వేడికి చేరువైతే వదులవుతాయి. నీరు చొరబడి ఎస్టర్ ముడులను ఒక్కొక్కటే తెంపుతుంది. గొలుసులు పొట్టివై, బ్యాక్టీరియా నోటికి అందే ముక్కలయ్యాక అసలు భోజనం మొదలవుతుంది. చివరికి మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు, బలిసిన సూక్ష్మజీవులు.

ఆ వేడి ఎక్కడ దొరుకుతుంది? మే నెలలో సిద్దిపేటలో ఎండ 43, 44 డిగ్రీలకు పోయినా అది చాలదు. పైగా అప్పుడు నేలలో తడి ఉండదు. దొరికేది పెంటకుప్ప కడుపులో. పేడ, గడ్డి, చెత్త కలిపి పెద్ద కుప్ప పోసి తడి తగ్గకుండా చూసిన రైతుకు ఇది తెలుసు. చలికాలం పొద్దున పలుగుతో కుప్పను పెళ్లగిస్తే లోపలినుంచి ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కోట్ల సూక్ష్మజీవులు తింటూ పుట్టించిన వేడి అది. బాగా పోసిన కుప్పలో 55, 60 డిగ్రీలు దాటుతుంది. బాల్కనీలో బకెట్లో చేసుకునే కంపోస్టుకు అంత వేడి నిలవదు, రాశి చాలదు. అందుకే ఇంటి కంపోస్టు డబ్బాలో వేసిన పీఎల్ఏ స్పూను ఏడాది తర్వాత కూడా కడుక్కుని వాడుకునేలా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

‘కంపోస్టబుల్’ అన్న ముద్ర వెనక ఉన్న పరీక్ష కూడా ఈ వేడి కుప్పను దృష్టిలో పెట్టుకున్నదే. మన దేశంలో ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం, యూరప్‌లో ఈఎన్ 13432. సుమారు 58 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తారు. 12 వారాలకు వస్తువు పొడిపొడి అయిపోవాలి. రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పదో వంతుకు మించి మిగలకూడదు. ఆరు నెలల లోపు అందులోని కార్బన్‌లో 90 శాతం గాలిలో కలిసినట్టు లెక్క తేలాలి. వచ్చిన ఎరువులో విత్తనం వేస్తే మొలవాలి, భార లోహాలు హద్దు దాటకూడదు. మంచి పరీక్షే. కానీ అది పాసైన సంచి రోడ్డు పక్క మోరీలో ఏమవుతుందో ఆ సర్టిఫికెట్ చెప్పదు, చెప్పాలని ఎవరూ దాన్ని అడగలేదు కూడా.

బయట పడ్డ సంచి ఏమవుతుందో ఇంగ్లండ్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూశారు. దుకాణాల్లో దొరికే రకరకాల సంచులను నేలలో పాతారు, సముద్రంలో ముంచారు, ఎండకు వేలాడదీశారు. 2019లో ఫలితాలు బయటపెట్టారు. ‘బయోడిగ్రేడబుల్’ అని రాసున్న ఒక రకం సంచి మూడేళ్లు మట్టిలో ఉన్నాక కూడా నిండా సామాను వేస్తే మోసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలలకే కనబడకుండా పోయింది. అదే సంచి మట్టిలో మాత్రం 27 నెలలకు కూడా రూపం చెడకుండా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగింది. ఒకే సంచి, రెండు చోట్ల రెండు కథలు.

తెలుగువాళ్లకు ఈ సంచులను దగ్గర చేసింది తిరుమల లడ్డూ. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీకి అసలు పని క్షిపణులు. అక్కడివాళ్లు ఎకోలాస్టిక్ అనే సంస్థతో కలిసి మట్టిలో కలిసే సంచులు తయారు చేశారు. 2021 ఆగస్టు 22న తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర వీటి విక్రయ కేంద్రాన్ని అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్ జి. సతీశ్‌రెడ్డి, టీటీడీ ఈఓ కె.ఎస్. జవహర్‌రెడ్డి ప్రారంభించారు. 90 రోజుల్లో విచ్ఛిన్నమవుతాయని, పశువులు తిన్నా హాని ఉండదని అప్పుడు చెప్పారు. ‘మక్కజొన్న సంచులు’గా అవి జనం నోళ్లలో పడ్డాయి గానీ, డీఆర్‌డీఓ ఈ సాంకేతికత గురించి చెప్పేటప్పుడు పైకి తెచ్చేది ఇందాకటి పీబీఏటీనే. ఇలాంటి సంచుల్లో పిండి పదార్థానిది తోడు పాత్ర. సూక్ష్మజీవులు ముందుగా పిండి రేణువులను తినేస్తాయి. అవి ఉన్నచోట బొక్కలు పడతాయి. ఆ బొక్కల్లోంచి నీరు, ఎంజైమ్‌లు లోపలికి దిగి పీబీఏటీని పట్టుకుంటాయి. నెయ్యి ఓడే లడ్డూను కొండ మీద నుంచి ఇంటిదాకా మోయాలంటే ఒట్టి పిండి సంచితో అయ్యే పని కాదు. తడి తగిలితే అది కరిగి కూర్చుంటుంది.

లడ్డూ కొండ మీద కొన్నా, సంచి పారేసేది మాత్రం కర్నూలులోనో కరీంనగర్‌లోనో సిద్దిపేటలోనో. అక్కడ దానికి వేడి కుప్ప దొరుకుతుందా, డంపింగ్ యార్డులో ఎండిన చెత్త కింద పడుతుందా? 90 రోజుల మాట నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ మనిషి అల్లిన గొలుసులు. బ్యాక్టీరియా తన కోసం తానే అల్లుకునే ప్లాస్టిక్ కూడా ఒకటుంది. 1926లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమ్వాన్ అనే శాస్త్రవేత్త బాసిల్లస్ మెగటేరియం అనే బ్యాక్టీరియా లోపల దాన్ని కనిపెట్టాడు. పీహెచ్‌బీ దాని పేరు. ఆ కుటుంబం మొత్తాన్నీ పీహెచ్ఏ అంటారు. తిండి దండిగా ఉండి నత్రజనో భాస్వరమో కరువైనప్పుడు బ్యాక్టీరియా పిల్లల్ని పెట్టడం ఆపి, పంట పండిన ఏడు రైతు గుమ్ములు నింపుకున్నట్టు, కార్బన్‌ను రేణువులుగా ఒంట్లో దాచుకుంటుంది. తగిన రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే కణం నిండా గుండ్రటి చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి. కుప్రియావిడస్ నెకేటర్ అనే రకంలోనైతే, నీరు తీసేశాక మిగిలే బరువులో 80 శాతం దాకా ఈ ప్లాస్టిక్కే ఉండొచ్చు!

తాను దాచుకున్నదాన్ని తిరిగి తినే విద్య దానికీ తెలుసు, పక్కింటి బ్యాక్టీరియాకూ తెలుసు. అందుకే పీహెచ్ఏకు 58 డిగ్రీల మర్యాదలు అక్కర్లేదు. మామూలు మట్టిలో, చెరువు అడుగు బురదలో, సముద్రపు నీటిలో కూడా కరుగుతుంది. ఎంత కాలం పడుతుందన్నది మందం, వేడి, చుట్టూ ఉన్న జీవాల మీద ఆధారపడినా, ఎక్కడ పడినా తినేవాళ్లుండటం ఇందులో గొప్ప. 1990లోనే జర్మనీలో వెల్లా కంపెనీ దీంతో చేసిన సీసాల్లో షాంపూ అమ్మింది. బ్రిటన్ కంపెనీ ఐసీఐ అప్పట్లో బయోపాల్ పేరుతో దీన్ని తయారు చేసేది. ధర దగ్గర దెబ్బతింది. ఇప్పటికీ దెబ్బతినేది అక్కడే. బ్యాక్టీరియాకు శుద్ధమైన చక్కెరో నూనెనో పెట్టి పెంచి, కణాలను పగలగొట్టి, ప్లాస్టిక్‌ను వేరుచేయడం పాలిథిన్ తయారీ కంటే పలు రెట్లు ఖర్చు.

మేత చవకైతే ఖర్చు కొంత దిగుతుంది. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకటమోహన్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఈ దారిలోనిదే. మురుగునీరు, వంటింటి వ్యర్థాలను ముందు పులియబెట్టి హైడ్రోజన్ తీస్తారు. అప్పుడు మిగిలే పుల్లటి ద్రవంలో ఆమ్లాలుంటాయి. వాటిని మేతగా పెట్టి పీహెచ్ఏ దాచుకునే బ్యాక్టీరియాను పెంచుతారు. ఏరికోరి తెచ్చిన ఒకే జాతి కాకుండా, కలగాపులగపు గుంపుతోనే పని నడిపితే అన్నిటినీ స్టెరిలైజ్ చేసే ఖర్చు తప్పుతుంది. ఆయనకు 2014లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. బుస్సాపూర్‌కు రోజూ చేరే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కూడా సూత్రప్రాయంగా అలాంటి మేతే. ఇంకో మేత ఈ జిల్లాలో కొత్తగా పెరుగుతోంది. సిద్దిపేటలో ఆయిల్‌పామ్ తోటలు వేయించి, నంగునూరు మండలం నర్మెట్టలో ఆయిల్‌ఫెడ్ పామాయిల్ ఫ్యాక్టరీ తలపెట్టింది. జపాన్‌లో కనేకా కంపెనీ మొక్కల నూనెలే బ్యాక్టీరియాకు పెట్టి పీహెచ్ఏ తీస్తోంది. మలేసియాలో పామాయిల్ మిల్లుల మురుగునీటితో ప్రయోగాలు చేశారు. నర్మెట్టలో అలాంటిది వస్తుందని ఎవరూ అనలేదు, ఇది వట్టి ఊహే. కానీ గాలిలో మేడలు కట్టడం కంటే కాస్త గట్టి ఊహ.

మళ్లీ చెత్త బండి దగ్గరికి వద్దాం. తడి చెత్త బుస్సాపూర్‌లో పోయేది గ్యాసు ప్లాంటుకు. అక్కడి పని కంపోస్టు కుప్పలో లాంటిది కాదు. గాలి చొరబడని ట్యాంకులో, ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు తొక్కలను మీథేన్‌గా మారుస్తాయి. ఇలాంటి ట్యాంకులు చాలావరకు 35, 40 డిగ్రీల మధ్య నడుస్తాయి. ఆ చల్లదనంలో పీఎల్ఏ దాదాపు కదలదు. పీబీఏటీ కూడా అంతే, దాన్ని తినే బూజులకు గాలి కావాలి. చెత్త ట్యాంకులో ఉండే కొద్ది వారాల్లో సంచి సంచిగానే ఉండి, కలిపే రెక్కలకు చుట్టుకుంటుంది. పీహెచ్‌బీ మాత్రం గాలి లేనిచోట కూడా విరిగి గ్యాసు ఇస్తుంది. అందుకని ‘కంపోస్టబుల్’ ముద్ర ఉన్న సంచిలో తడి చెత్త మూటకట్టి ఇస్తే మేలు చేశామనుకోవడం పప్పులో కాలేయడమే, అది గ్యాసు ప్లాంటుకు పోయే ఊళ్లో. కంపోస్టు గుంతలకు పోయే ఊళ్లో అదే సంచి పనికొస్తుంది.

పోనీ పొడి డబ్బాలో వేస్తే? అక్కడ ఇంకో తంటా. పీఎల్ఏ కప్పు, నీళ్ల సీసాల ప్లాస్టిక్‌తో చేసిన కప్పు పక్కపక్కన పెడితే ఏరేవాళ్ల కంటికి తేడా తెలియదు. పీఎల్ఏ ముక్కలు రీసైక్లింగ్ సరుకులో కలిస్తే ఆ సరుకు నాణ్యత పడిపోతుంది. తెలిసినవాళ్లు కొనరు. కాబట్టి రెండు డబ్బాల్లో దేనికీ సరిగ్గా చెందని వస్తువు ఒకటి మన చేతిలో ఉందన్నమాట. దానికంటూ వేరే దారి వేసినప్పుడే దాని గుణం అక్కరకొస్తుంది.

చట్టం దీన్ని కొంతవరకు పట్టించుకుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధం. ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఈ మందం నిబంధన లేదు, కానీ అమ్మేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తప్పనిసరి. 2024 సవరణతో, ‘బయోడిగ్రేడబుల్’ అనాలంటే మైక్రోప్లాస్టిక్ మిగలకూడదన్న షరతు చేరింది. ఇది చేరాల్సిందే. ఎందుకంటే మామూలు పాలిథిన్‌లో కొన్ని లోహ లవణాలు కలిపి, ఎండకు తొందరగా చిల్లలయ్యేలా చేసి, దానికే ఆకు బొమ్మ వేసి అమ్మిన కాలం ఉంది. యూరప్‌లో 2021లో ఆ సరుకును నిషేధించారు. దుకాణదారు ఇచ్చిన సంచి మీద ఆకు బొమ్మ చూడక్కర్లేదు. తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉన్నాయా అని చూడాలి. అవి లేకుండా ‘నేను ప్లాస్టిక్‌ను కాను’ అని మాత్రమే రాసుంటే అనుమానించాల్సిందే.

ఈ గొడవంతా ఎందుకని, అసలు పారేసే వస్తువే లేకుండా చేసే దారి కూడా సిద్దిపేట పట్టింది. పెళ్లికో దశదినకర్మకో కావాల్సిన పళ్లాలు, గ్లాసులు, గిన్నెలు ఇచ్చే స్టీల్ బ్యాంకులను సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు చొరవతో పెట్టారు. తెచ్చుకుని, వాడి, తోమి, తిరిగి అప్పజెప్పాలి. ‘రుతుప్రేమ’ పేరుతో గుడ్డ ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పులు పంచారు. వాడేసిన శానిటరీ ప్యాడ్లలో ఉండే ప్లాస్టిక్ గురించి బయటికి మాట్లాడటమే మన దగ్గర పెద్ద అడుగు. హైదరాబాద్‌లో నారాయణ పీసపాటి ఇంకో కొస నుంచి వచ్చారు. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆయన 2010లో బేకీస్ సంస్థ పెట్టి జొన్న, బియ్యం, గోధుమ పిండితో స్పూన్లు కాల్చారు. తిన్నాక స్పూనూ తినేయొచ్చు. తినకపోతే చీమలున్నాయి. 2016లో ఆ స్పూన్ల వీడియో ప్రపంచమంతా తిరిగింది. రసాయనికంగా చూస్తే ఇవి ప్లాస్టిక్ కిందికే రావు, కానీ భోజనాల బంతి దగ్గర చేసే పని అదే. విందు దాకా అయితే స్టీలు పళ్లెమే ముందు, దాని తర్వాత మోదుగాకు, ఆ తర్వాతే పీఎల్ఏ ప్లేటు. ఈ వరుస తారుమారు చేసే కారణం ఇంతవరకు కనబడలేదు.

అయితే వెనక్కి తెచ్చి ఇవ్వడం, ఏరడం కుదరని చోట్లుంటాయి. అక్కడ మట్టిలో కలిసే ప్లాస్టిక్‌కు నిజమైన పని ఉంది. పొలంలో పరిచే మల్చింగ్ షీట్ అలాంటిదే. టమాట, మిర్చి, పుచ్చ వేసే రైతు బోదెల మీద పల్చటి షీటు పరిచి, బొక్కలు పెట్టి నారు నాటుతాడు. కలుపు తగ్గుతుంది, డ్రిప్పు తడి ఆరదు. పంట అయిపోయాక ఆ షీటు పీకడం ఒక శిక్ష. మట్టి, వేళ్లు అంటుకుని బరువెక్కి, లాగితే చిరిగి, సగం భూమిలోనే ఉండిపోతుంది. పీకిందాన్ని గట్టు మీద తగలబెట్టేవాళ్లే ఎక్కువ. మిగిలిన ముక్కలు ఏటేటా దుక్కిలో పేరుకుంటాయి. పీబీఏటీ, పిండి కలిపిన మల్చ్ షీటునైతే పీకక్కర్లేదు, దున్నేయొచ్చు. 2018లో యూరప్ దీనికోసమే ఈఎన్ 17033 అనే ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం 20 నుంచి 28 డిగ్రీల మట్టిలో రెండేళ్ల లోపు 90 శాతం కార్బన్ గాలిలో కలవాలి. వేడి కుప్ప లెక్క కాదు ఇది, మామూలు మట్టి లెక్క. ధర మామూలు షీటు కంటే ఎక్కువే. పీకే కూలీ మిగులుతుంది కాబట్టి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

యూరప్ మట్టి ఏడాదిలో చాలా కాలం తేమగా ఉంటుంది. సిద్దిపేట చెల్కలు మార్చి నుంచి జూన్ దాకా ఎండి బిగుసుకుంటాయి, ఆ నెలల్లో సూక్ష్మజీవుల పని దాదాపు ఆగిపోతుంది. డ్రిప్పు కింద రెండో పంట వేసే పొలంలో ఒక రకంగా, వానాధారపు చెల్కలో ఇంకో రకంగా ఆ షీటు కరుగుతుంది. గజ్వేల్ దగ్గర ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. చుట్టూ ఇలాంటి పొలాలే. వల సంచుల్లో తూకం వేసిన షీటు ముక్కలు కట్టి ఎర్ర చెల్కలో కొన్ని, నల్లరేగడిలో కొన్ని పాతి, మూడు నెలలకోసారి తవ్వి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూకం వేయాలి. రెండేళ్లు అలా చేస్తే చాలు, ఈ జిల్లా రైతుకు ఏ కంపెనీ కరపత్రం చెప్పని లెక్క చేతికొస్తుంది.